మా వంటగదిలో స్కాట్లాండు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (మూడు నాలుగేళ్ళ కిందటి మాటకు 'ఆ రోజుల్లో' ఏమిటని మీరు నవ్వితే నవ్వండి. ఇక్కడి ఎండాకాలాలు ఒక్కోటీ ఊళ్ళో మూడింటి పెట్టు, ఆ లెక్కన నేను పెద్దవాణ్ణే.) ఇంజనీరింగు పట్టా చేతికొచ్చి, దుబాయ్ వచ్చి, (మా ఊరివాళ్ళకు అబుదాబీ అయినా దుబాయే) జీతం పడిందని ఫోను మోగడం మొదలైన కుర్రాడికి ప్రపంచంలో ప్రతి తగువూ సులువుగానే కనబడుతుంది. ఇద్దరు వాదించుకుంటుంటే మధ్యలో దూరి "అసలు విషయం ఏమిటంటే" అని మొదలుపెట్టకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. ఇప్పుడెవరైనా నా ముందు గొంతు పెంచితే మెల్లగా నా చెప్పులెక్కడున్నాయో చూసుకుంటాను. ఈ బుద్ధి నాకెలా వచ్చిందో చెప్పాలంటే స్కాట్లాండు గురించి కొంచెం, చేపల పులుసు గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి.

మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, ముసఫ్ఫాలో ఒక క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియను. బావ ఒక ఆఫీసులో లెక్కలు చూసేవాడు. వాళ్ళు ఉండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో ఒకదాంట్లో. రెండు పడగ్గదులు, ఒక హాలు, ఒకే ఒక్క వంటగది. ఒక గదిలో అక్కా బావా, మూడేళ్ళ బుజ్జి. రెండో గదిలో, నడుమ తలుపుకు అవతల, జగిత్యాల అన్న, వదిన. ఆ గది వెనక ఒక స్టోర్ రూము, బయటికి వేరే దారి. హాల్లో పరదా వెనక సోఫా మీద నేను. మేము పశ్చిమ గోదావరి, వాళ్ళు జగిత్యాల పక్క పల్లె. చుట్టరికం ఏమీ లేదు, అద్దె కలిపిన బంధమే. అన్న, నేను పనిచేసే ఐకాడ్ పారిశ్రామికవాడలోని ఇనుప పనుల యార్డులోనే ట్రాన్స్‌పోర్టు సూపర్వైజరు. వదిన ఇంటిపట్టునే ఉండేది. వాళ్ళ మగపిల్లలిద్దరూ కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. అందుకేనేమో అక్క డ్యూటీకి గడప దాటగానే బుజ్జి వదిన చంకెక్కేది, సాయంత్రం దాకా దిగేది కాదు. వదినను పెద్దమ్మా అనేది. "పెద్దమ్మా, ఆకలైతాంది" అని అది అంటే మొదట్లో మా అక్క మొహం చిట్లించుకునేది. కొన్నాళ్ళకు తనే "ఏమ్మా, ఆకలైతాందా" అని అడగడం మొదలుపెట్టింది.

వంట కలిపే చేసుకునేవారు. పొద్దున వదిన, సాయంత్రం అక్క. పచ్చిపులుసూ, గోంగూరా ఒకే పళ్ళెంలో పక్కపక్కన పడేవి, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. శుక్రవారం సెలవు గనక బావ పొద్దున్నే మీనా చేపల మార్కెట్టుకు వెళ్ళి వంజరమో షేరీయో తెచ్చేవాడు, అక్క ఆ వారానికి ఒక్కరోజు ఇంట్లో ఉండి పులుసు పెట్టేది. శనివారం వదిన ఒక్కపొద్దు ఉండేది. వేంకటేశ్వరస్వామికి మొక్కుకుని, వంటగది కడిగి, ముగ్గువేసి, స్టవ్వుకు బొట్టుపెట్టి, సాయంత్రం దీపం వెలిగించాకే తినేది. శుక్రవారం చేపలు, శనివారం దేవుడు. ఎవరూ కూర్చుని రాసుకున్న ఒప్పందం కాదు గానీ చక్కగా నడిచింది. అలాంటి రోజుల్లో ప్రభుత్వం వారు వారాంతపు సెలవును మార్చారు. శుక్రవారం పోయి శనివారం, ఆదివారం వచ్చాయి. బావకు రెండు రోజులూ సెలవు. మా యార్డుకు ఆదివారం ఒక్కటే సెలవు. అక్క క్లినిక్కుకు ఆదివారమే కూలీల రద్దీ, కాబట్టి ఆమెకు శనివారం సెలవిచ్చారు. ఆ విధంగా అక్క చేపల పులుసు నేరుగా వచ్చి వదిన ఒక్కపొద్దు మీద పడింది.

మొదటి శనివారం వదిన తలుపు వేసుకుని పడుకుంది. రెండో శనివారం ముగ్గు వేయలేదు. ఆ తర్వాత దీపం తీసుకెళ్ళి వాళ్ళ గదిలో పెట్టుకుంది. మాట మాత్రం బయటకు రాలేదు. మా అక్కకు వదిన మౌనం అర్థమైంది, అర్థమైనందుకే కోపం వచ్చింది. "వారమంతా సూదులు గుచ్చి గుచ్చి వస్తాన్రా. ఒక్కపూట నా ఇంట్లో నాకిష్టమైంది వండుకోవడానికి కూడా దొంగలా భయపడాలా" అని నా దగ్గర అంది. వదిన కూడా నా దగ్గరే అంది, బుజ్జికి అన్నం కలుపుతూ. "శాపల వాసనకు గాదు తమ్మీ. మా పిల్లలు గూడ తింటరు, నేను గూడ వండిపెడ్త. గని నన్నొక్క మాట అడిగిండ్రా? దినం మారింది, ఏం జేద్దమక్కా అని ఒక్క మాట?" ఇద్దరి మాటలూ విని నేను చాలా తృప్తిగా తలూపాను. ఎందుకంటే నాకప్పటికే ఈ రకం తగువుల్లో పెద్ద చదువు దొరుకుతోంది.

ఆ చదువు చెప్పేవాళ్ళు మా యార్డులో ఇద్దరు స్కాట్లాండు దొరలు. ఒకాయన యార్డు మొత్తానికి ముదీర్, అంటే మేనేజరు. రెండో ఆయన వెల్డింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే నాణ్యత విభాగానికి పెద్ద. ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే బడి, సగం జీవితం ఈ ఇసుకలోనే గడిచింది. మొదటాయన స్కాట్లాండు ఇంగ్లండు నుంచి విడిపోవాల్సిందే అనేవాడు. రెండో ఆయన కూడదనేవాడు. నేను వాళ్ళకు మనసులో అవునుదొర, కాదుదొర అని పేర్లు పెట్టుకున్నాను. రోజూ పదింటికి టీ వేళకు అవునుదొర క్యాబిన్లో వాదన మొదలయ్యేది, టీ అయిపోగానే ఆగిపోయేది. కాగితాలు పట్టుకుని సంతకాల కోసం నిలబడే నాకు ఆ వాదన మొత్తం ఉచితంగా వినబడేది. (మొదటి రెండు నెలలూ వాళ్ళ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదన్నది వేరే సంగతి.)

అవునుదొర మాట సూటిగా ఉండేది. అక్కడ బతికేవాళ్ళే అక్కడి సంగతులు తేల్చుకోవాలి అనేవాడు. మేము ఒకరికి ఓటేస్తే లండన్లో ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, యూరప్‌తో ఉంటామని మేమంటే మమ్మల్ని కూడా కట్టగట్టి బయటికి లాక్కొచ్చారు, మాకు అక్కర్లేని అణుబాంబుల జలాంతర్గాములు మా రేవులో పెట్టారు, మా సముద్రంలో నూనె తీసి ఖర్చు మాత్రం వాళ్ళిష్టప్రకారం పెట్టారు అనేవాడు. కాదుదొర టీ ఊదుకుంటూ ఒక్కోటీ అడిగేవాడు. రేపట్నుంచి ఏ డబ్బు వాడతావు? ముసలివాళ్ళ పింఛను ఎవరిస్తారు? మన సరుకు ఎక్కువగా కొనేది ఇంగ్లండే కదా, మధ్యలో గేటు పెట్టుకుంటావా? నూనె ధర పడిపోతే ఏం తింటావు? చివరికెప్పుడూ ఒకటే మాట అనేవాడు, మూడొందల ఏళ్ళు కలిసి కట్టుకున్న ఇల్లు, నా భార్య ఇంగ్లండు మనిషి, నా పిల్లల్ని నేను ఏ పక్కన నిలబెట్టను అని. ఆ మాటకు అవునుదొర టీ అయిపోయిందనేవాడు. మా అన్నను చూస్తే మాత్రం అవునుదొరకు ఎక్కడలేని గౌరవం. రెండు వేల పద్నాలుగులో అన్నవాళ్ళ తెలంగాణ వచ్చిన కొన్ని నెలలకే వాళ్ళ దేశంలో విడిపోవాలా వద్దా అని ఓటింగు జరిగి వద్దని తేలింది. ఒకసారి ఆయన అన్నను ఆపి, మీకు వచ్చింది కదా, ఎలా ఉంది అని అడిగాడు. అన్న ట్రైలరు చక్రాల వంక చూస్తూ, "రాష్ట్రమచ్చింది సార్. క్యాంపుల లడ్లు పంచినం. గని నేనింకా ఈడ్నే ఉన్న" అన్నాడు. దాన్ని నేను ఇంగ్లీషులో చెప్పాను. దొర తల ఊపి, అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

ఇదంతా విని నేను ఇంటికొచ్చి ఊరుకునేవాణ్ణి కాదు. అన్నం దగ్గర కూర్చుని అవునుదొర ఇలా అన్నాడు, కాదుదొర ఇలా అన్నాడు అని చెప్పేవాణ్ణి. నూనె అని చెబితే వీళ్ళకు బోధపడదని నీళ్ళు అని చెప్పాను. లండన్ అని చెబితే దూరంగా ఉంటుందని హైదరాబాదు అని చెప్పాను. పింఛను బదులు ఉద్యోగాలు అన్నాను. స్కాట్లాండు వాళ్ళ బాధను మనవాళ్ళ భాషలో పెడుతున్నాననుకుని మురిసిపోయాను. మూడు రోజుల్లో స్కాట్లాండు ఎక్కడికో పోయింది, అన్నం పళ్ళాల మధ్య పాత తగువు మొత్తం లేచి కూర్చుంది. "మా నీళ్ళు మేమడిగితె తప్పా" అని అన్న, "హైదరాబాదు కట్టింది ఎవరండీ" అని బావ. ఇద్దరూ అప్పటిదాకా ఆ మాట ఎత్తకుండా ఎన్నో ఏళ్ళు కలిసి తిన్నవాళ్ళే. ఆ వారమే శనివారం నాడు వంటగది కడిగి వదిన మళ్ళీ ముగ్గు వేసేసరికి, బావ చేపల సంచీ తెచ్చి సరిగ్గా ఆ ముగ్గు మీద దించాడు. చూసుకోలేదంటాడు. నిజమే అయ్యుంటుంది. వదిన ఆ సంచీలోంచి కారుతున్న నీళ్ళు చూసి, సాయంత్రం మేము డ్యూటీ దిగి రాగానే అన్నతో, "ఎనుక స్టోర్ రూము ఉన్నది గద. ఆడ పొయ్యి వెట్టుకుంట. నడుమల తలుపు మూసెయ్యండి" అంది.

ఆ తలుపు మూసేయడం అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తలుపులోంచే బుజ్జి పొద్దున ఇటునుంచి అటు వెళ్ళేది. అది మూసేస్తే అక్క ఉద్యోగానికి వెళ్ళినప్పుడు పిల్లను చూసేవాళ్ళు లేరు. బావ తన గదిలోంచి, అవతలి గదికి వినబడాలనే అన్నాడు. "సరే. అలాగైతే బుజ్జిని ఊరికి పంపేద్దాం. మీ అమ్మ దగ్గరుంటుంది, బడి వయసు వచ్చాక తెచ్చుకుందాం." వంటగదిలో వదిన గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పరదా వెనక బుజ్జి నా సోఫా మీదే కూర్చుని, నా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఆడుకుంటోంది. అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఆ రోజుల్లో నేను నోరు మూసుకునే రకం కాదని మొదటే చెప్పాను కదా. హాలు మధ్యలోకి వచ్చి, గొంతు సవరించుకుని, దీనికి నాగరిక దేశాల్లో ఒక పద్ధతి ఉంది, ఓటు పెడదాం అన్నాను.

నలుగురూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను దాన్ని ఆశ్చర్యం అనుకున్నాను. విచిత్రం ఏమిటంటే అందరూ ఒప్పుకున్నారు. పోట్లాడటానికి ఎవరికీ ఓపిక లేదు, రాజీకి ఎవరూ ముందు నోరు తెరవరు, మధ్యలో నేను ఒక దారి చూపిస్తే దాన్ని పట్టుకున్నారు. సోమవారం టీ వేళకు దొరలిద్దరి ముందూ మా వంటగది సమస్య పెట్టాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చాలా శ్రద్ధగా విన్నారు. ప్రశ్న సూటిగా ఉండాలి, వంటగది వేరుపడాలా అని మాత్రమే అడగాలి అన్నాడు అవునుదొర. ఔను అనే మాట తియ్యగా ఉంటుంది, దాన్ని ఏ పక్షానికి ఇస్తున్నావో జాగ్రత్త అన్నాడు కాదుదొర. మరి ఓటు ఎవరికి ఉండాలి అని అడిగాను. అప్పుడు అవునుదొర కప్పు కింద పెట్టాడు. "ఆ ఇంట్లో నివసిస్తున్నవాళ్ళకు. మా దగ్గర అదే పెట్టారు. మా వీధిలో కాపురముండే పోలండు మేస్త్రీకి ఓటుంది. మా చెల్లెలి పదహారేళ్ళ కూతురికి ఉంది. నేను ఇక్కడ ఉన్నాను గనక నాకు లేదు" అన్నాడు. నేను కాదుదొర వంక చూశాను. "నాకూ లేదు" అన్నాడాయన. ఓటు లేని ఇద్దరు మనుషులు ఎనిమిదేళ్ళుగా రోజూ ఒకరినొకరు ఒప్పించుకోవాలని చూస్తున్నారని అప్పుడు తెలిసింది. ఫలితం వచ్చిన పొద్దున అవునుదొర ఇదే క్యాబిన్లో ఒక్కడే కూర్చున్నాడట. కాదుదొర వచ్చి, ఒక్క మాటా అనకుండా, రెండు టీలు బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడట. గెలిచినవాడు ఆయనే మరి. "ఆ రోజు వీడు మాట్లాడకపోవడం నేను మరిచిపోను" అన్నాడు అవునుదొర. నాకు ఆ మాటలోని బరువు తలకెక్కలేదు. నివసించేవాళ్ళకే ఓటు అనే నిబంధన మాత్రం ఎక్కింది, ఎందుకంటే ఆ లెక్కన సోఫా మీద నివసించే నాకు కూడా ఓటుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. మధ్యలో నేను.

అది తెలిసిన దగ్గర్నుంచి నా వైభవం చెప్పనలవి కాదు. వారం తిరిగి వచ్చే శనివారం దీపం పెట్టాక ఓటింగు అనుకున్నాం, ఐదుగురం తీరిగ్గా ఇంట్లో ఉండేది ఆ సాయంత్రమే గనక. (అలాంటి సాయంత్రాలు తక్కువ, ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.) ఆ వారమంతా నాకు రెండు పక్షాల నుంచీ ప్రచారం నడిచింది. వదిన సర్వపిండి చేసి, వేడివేడిగా నా సోఫా దగ్గరికే తెచ్చి, "నువ్వే జెప్పు తమ్మీ. పొద్దుగాలంత పొయ్యికాడ ఉండేది నేను. ఏ దినం ఏం వండాల్నో నాకెర్క ఉండద్దా? మా ఇంట్ల మా మాట నడవద్దా?" అంది. అక్క పులస లేని దేశంలో ఉన్న చేపతోనే ఊళ్ళో రుచి తెప్పించి, "ఆ స్టోర్ రూములో ఏసీ లేదురా. జూన్ నెలలో ఆవిడ అక్కడ వండగలదా? ఫ్రిజ్ ఎక్కడ పెడుతుంది? నా మీద కోపంతో తను మాడిపోతానంటే నేను చూస్తూ ఊరుకోవాలా?" అంది. ఫ్రిజ్ కొనుక్కుంటం, దాందేముంది, అన్నాడు అన్న. ఒక సిలిండరుకు అయ్యేది రెండింటికి అవుతుంది, అన్నాడు బావ. నేను రెండు చేతులా తింటూ, రెండు వైపులా తలూపుతూ, మొహం గంభీరంగా పెట్టుకుని, ఆలోచించాల్సిన విషయమే అనేవాణ్ణి. ఎవరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోవడం లేదు. అందరూ నాతోనే మాట్లాడుతున్నారు. ప్రజాస్వామ్యం బ్రహ్మాండంగా నడుస్తోందని అనుకున్నాను.

గురువారం అవునుదొర నన్ను పిలిచి, రువైస్‌లో మా కంపెనీ చేస్తున్న మరమ్మతు పనికి మనిషి కావాలి, రేపు పొద్దున బస్సుకు బయల్దేరు, మూడు వారాలు అక్కడే క్యాంపులో ఉండాలి అన్నాడు. ఆదివారం బయల్దేరతాను సార్, శనివారం ఓటింగు ఉంది అన్నాను. చెబుతుంటేనే నా మాట నాకే ఎలాగో వినబడింది. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ పని ఆగదు" అన్నాడు. ఇంటికొచ్చి అన్నను అడిగాను, నేను రువైస్ నుంచి ఫోన్లో ఓటు వేయొచ్చా అని. అన్న జాలిగానే అన్నాడు. "ఇంట్ల ఉన్నోళ్ళకే ఓటు అని నువ్వే గద తమ్మీ జెప్పింది. ఇప్పుడు మల్ల నువ్వే మారిస్తె ఎట్ల?"

బస్సు అబుదాబీ దాటాక అటూ ఇటూ తెల్లటి ఇసుక తప్ప ఏమీ లేని రోడ్డు. అంతదాకా నేను ఎటు ఓటేస్తానో నాకే తెలియదన్న సంగతి అప్పుడు తెలిసింది. వారమంతా తింటూ తలూపాను గానీ తేల్చుకోలేదు. ఆ బస్సులో తేల్చుకున్నాను. కలిసే ఉండాలి. వాదనలు ఏవీ గుర్తురాలేదు. బావ "బుజ్జిని ఊరికి పంపేద్దాం" అన్నప్పుడు గిన్నెల చప్పుడు ఆగిపోవడం ఒక్కటే గుర్తొచ్చింది. ఆ తలుపు మూయకూడదు, అంతే. తేల్చుకున్నాక చెప్పడానికి నాకు ఇల్లు లేదు, ఓటు లేదు. కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాను. పక్క సీటులో ఉన్న బీహారీ ఫిట్టరు చూసి, "క్యా హువా భాయ్, ఘర్ మే సబ్ ఠీక్?" అని అడిగాడు. ఏమని చెప్పను? వంటగదికి ఎన్నికలని చెప్పనా?

శనివారం సాయంత్రం పని దిగాక క్యాంపు బయట, ఫోను సిగ్నలు బాగా వచ్చే చోట నిలబడ్డాను. అక్కకు చేశాను, ఎత్తలేదు. బావకు చేశాను, ఎత్తలేదు. వదినకు చేయడానికి ధైర్యం చాలలేదు. తలుపు మూసేశారనే అనిపించింది. వదిన స్టోర్ రూములో ఆ ఉక్కలో కూర్చున్నట్టు, అక్క సూట్‌కేసులో బుజ్జి గౌన్లు సర్దుతున్నట్టు కళ్ళకు కట్టింది. మెస్సులో అన్నం వేళ దాటిపోతోంది, తోటివాళ్ళు యల్లా యల్లా అని పిలుస్తున్నారు. నేను కదల్లేదు. అవునుదొర ఆ పొద్దున క్యాబిన్లో ఒక్కడే ఎలా కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. మనదనుకున్నదాన్ని గురించి మనం లేనిచోట వేరేవాళ్ళు తేలుస్తుంటే, గెలుపోటముల మాట తర్వాత, ముందు కాళ్ళకింద నేల ఉన్నట్టు ఉండదు.

చాలాసేపటికి అక్క ఫోను వచ్చింది. ఏమైంది అన్నాను. ఏది ఏమైంది అంది. ఓటు అన్నాను. "ఓటా? ఓ, అదా. వెయ్యలేదురా" అంది, నోట్లో ముద్ద ఉన్న గొంతుతో. నేను ఇంకా అడుగుతుంటే తాపీగా చెప్పింది. "నలుగురం కూర్చున్నాం. మీ బావ, ఇద్దరిద్దరం, ఇది తెగేది కాదు అన్నారు. మరి తెగకపోతే ఎట్ల అన్నారు మీ జగిత్యాల అన్న. తర్వాత ఎవరం ఏం మాట్లాడాలో తెలీలేదు. చెప్పడానికి నువ్వు లేవు కదా. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే అడిగాను, అక్కా, ఇప్పుడేం చేద్దాం అని. అంతేరా, ఆవిడ ఏడ్చేసింది. ఈ మాట కోసమే చూస్తున్న చెల్లే అంది." మరి చేపలు? "ఆదివారం. నేను డ్యూటీలో ఉంటా కదా, తను వండి ఉంచుతానంది. మనూరి పులుసు తనకి రాదు, ఇందాక దగ్గరుండి చింతపండు కొలత చెప్పాను. శనివారం ఎవరం నీసు ముట్టుకోం. దీనికి ఇంత రభస." మరి ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు తోచలేదు మీకు, అన్నాను. అక్క నన్ను నొప్పించాలని కాకుండా, నిజం గనక అంది. "నువ్వు ఉన్నావు కదరా. తను నీకు చెప్పేది, నేను నీకు చెప్పేదాన్ని. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుంటే కదా. ఏదైనా మాట తేబోతే నువ్వు స్కాట్లాండు తెచ్చేవాడివి." వెనకనుంచి బుజ్జి "పెద్దమ్మా, ఇంక కొంచెం" అంటోంది. ఎవరు తినిపిస్తున్నారో అడగక్కర్లేదు.

మూడు వారాల తర్వాత తిరిగొచ్చాక టీ వేళకు దొరలిద్దరూ ఫలితం అడిగారు. ఓటింగు జరగలేదు, చేపలు ఆదివారానికి మారాయి అని చెప్పాను. కాదుదొర పడీపడీ నవ్వాడు, చూశావా, కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది, విడిపోవడాలెందుకు అన్నాడు. అవునుదొర ఆ నవ్వులో కలవలేదు. "అదృష్టవంతులు. నలుగురు గనక ఒక బల్ల దగ్గర పట్టారు. మేము యాభై లక్షల మందిమి. మమ్మల్ని లెక్కపెట్టక తప్పదు" అన్నాడు. తర్వాత, "అయినా మీ ఇంట్లో ఆవిడ అడిగింది వేరే వంటగది కాదు కదా. తనను అడగమని అడిగింది. నన్ను కూడా ఎవరైనా అడిగి ఉంటే... గెలిచేవాళ్ళమని కాదు. ఓడిపోయినా ఇంటివాణ్ణి అయ్యుండేవాణ్ణి" అన్నాడు. కాదుదొర నవ్వు ఆపేశాడు. ఆ రోజు టీ వాదన లేకుండానే అయిపోయింది. ఆ ఏడాది చివర్లో, మళ్ళీ ఓటింగు పెట్టుకోవాలంటే లండన్ ఒప్పుకోవాల్సిందేనని అక్కడి కోర్టు తేల్చింది. ఆ పొద్దున కూడా కాదుదొర రెండు టీలు పట్టుకుని క్యాబిన్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. సంతకాల కోసం వచ్చిన నేను తలుపు తట్టకుండా వెనక్కి తిరిగాను. నా జీవితంలో ఒక తగువు మధ్యకు వెళ్ళకుండా వెనక్కి తిరిగింది అదే మొదటిసారి.

ఇప్పుడు అవునుదొర ఉద్యోగం చాలించి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. ఈసారి ఓటింగు ఎప్పుడైనా జరిగితే ఆయనకు ఓటుంటుంది, అది చాలు అన్నాడు వెళ్తూ. అన్నా వదినా, అక్కా బావా అదే వాటాలో ఉన్నారు, బుజ్జి బడికి పోతోంది. నేను ప్రమోషనొచ్చి వేరే గది తీసుకున్నాను. నాకిప్పుడు సొంత వంటగది ఉంది, సంపూర్ణ స్వాతంత్ర్యం, ఏ రోజు ఏది వండుకున్నా అడిగేవాడు లేడు. వండుకుని తినేటప్పుడు అప్పుడప్పుడూ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. రువైస్‌లో, చీకటి పడుతుండగా, క్యాంపు కంచె పక్కన ఇసుకలో ఫోను పట్టుకుని, తన ఒక్క ఓటు లేక ఒక ఇల్లు ఏమైపోతుందో అని తిండి మానేసి నిలబడిన వాడు. వాణ్ణి చూసి నవ్వొస్తుంది, నవ్వాక మనసు పాడవుతుంది కూడా. ఇప్పుడు వాడి దగ్గరికి వెళ్ళగలిగితే వాదనలేవీ చెప్పను. భుజం మీద చెయ్యి వేసి, ఇల్లు బాగానే ఉందిరా, నువ్వు వెళ్ళి అన్నం తిను అంటాను.